పిల్లిలా కూర్చున్న అక్షరం

"అక్కా, నాలుగేళ్ల పిల్లకి ఒక్క అక్షరం నేర్పాలంటే ఎంతకాలం పడుతుంది?"

మా తమ్ముడు సుహాస్ ఈ ప్రశ్న వేసింది నేను పనిచేసే ప్లేస్కూలు గేటు దగ్గర. మార్చి నెలాఖరు. నోయిడాలో ఎండ అప్పుడప్పుడే పళ్లు నూరుతోంది. పిల్లలు వెళ్లిపోయాక చేతులకంటిన రంగులు కడుక్కుని నేను బయటికి వచ్చేసరికి, ఆఫీసులో ఉండవలసినవాడు మెడలో ఐడీ కార్డుతో సహా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఏ పిల్లకిరా?" అన్నాను, తెలిసే.

"ఇంకే పిల్లకి? మా మైథిలికి."

సుహాస్, శివాని విడిపోయి ఏడాది దాటింది. శివాని ఢిల్లీ అమ్మాయి, సుహాస్‌తో మాట్లాడేది ఇంగ్లీషులోనే. ఢిల్లీలోనే ద్వారక కాలనీలో పుట్టింట్లో ఉంటోంది. పాప ఆమె దగ్గరే. తమ్ముడు మా ఫ్లాట్‌లో ఓ గదిలో ఉంటున్నాడు. నెలకు రెండు శనివారాలు, కోర్టు ఆవరణలోనే ఉన్న పిల్లల గదిలో, కౌన్సెలర్ కళ్లముందు, తండ్రి కూతుర్ని చూడవచ్చు. అంతవరకే. జూన్‌లో కోర్టుకు వేసవి సెలవులు. ఆ సెలవుల్లో పదిహేను రోజులు పాపను మా ఇంట్లో ఉంచుకోనివ్వమని వాడు అర్జీ పెట్టుకున్నాడు. మే నెలాఖరుకల్లా జడ్జిగారు ఏదో ఒకటి తేలుస్తారు.

"ఇవాళ అవతలి లాయరు ఏమన్నాడో తెలుసా? 'ఆ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, పాపకి ఆ భాషలో ఒక్క అక్షరం ముక్క రాదు, కొత్తచోట బెంగపెట్టుకుంటుంది' అన్నాడు. జడ్జిగారు తల ఊపారక్కా! నా కళ్లతో చూశాను."

"మన లాయరుగారేమన్నారు?"

"సదాశివరావు గారా? జడ్జిగారు పాపను లోపలికి పిలిచి ఒక్కదానితోనే మాట్లాడతారట. 'అప్పటికి పిల్ల నీ దగ్గర నవ్వుతూ కనిపిస్తే చాలు నాయనా' అన్నారు. నవ్వుదేముందక్కా, ఎవడైనా నవ్విస్తాడు. జడ్జిగారి ముందు ఒక్క తెలుగక్షరం రాసి చూపించిందనుకో, అవతలివాడి నోరు మూతపడదూ?"

వాడు ఇంజినీరు. సమస్య ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే దాన్ని బిగించేదాకా నిద్రపోడు. పదిహేను రోజులు ఇంటికి రావలసిన కూతురికీ వాడికీ మధ్య అడ్డం నిలబడింది ఒక్క అక్షరమేనని వాడికి ఎవరో చూపించారు. ఇక ఆగుతాడా?

"ఏ అక్షరం?" అన్నాను.

"మ. దాని పేరులో మొదటిది."

*

ఆదివారం పొద్దున మా వంటింట్లో వాడికి పాఠం మొదలుపెట్టాను.

చపాతీ పిండి ముద్ద చేతిలో పెట్టాను. "పాములా సాగదియ్యి. ఇప్పుడు మడతపెట్టు. పైన చిన్న పిలక, కింద గుండ్రటి పొట్ట, పక్కన పైకి లేచిన తోక. చూడు, కూర్చున్న పిల్లి. అంతే, 'మ' వచ్చేసింది."

పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి వేలితో గీయడం చూపించాను. నేల మీద సుద్దముక్కతో పెద్ద 'మ' గీసి, దాన్ని రోడ్డు చేసి, దాని మీద బొమ్మకారు నడిపించాను. తడి కుంచెతో బాల్కనీ గచ్చు మీద రాస్తే, ఎండకు అక్షరం ఆరిపోయి మాయమవుతుంది. పిల్లలు విరగబడి నవ్వుతారు. అట్టముక్క మీద రాసి దిండు కింద దాచి వెతికించొచ్చు.

మా ఆయన కిరణ్‌కుమార్ గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి చూస్తున్నారు. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరైన మనిషి. మాటలు తక్కువ, పోట్లు ఎక్కువ.

"మా నాన్న నాకు అక్షరాలు దిద్దించినప్పుడు నా చేతిలో బలపం కంటే ఆయన చేతిలో బెత్తం పొడుగు. మీరేమో రొట్టెలు చేస్తున్నారు."

"అది డ్రిల్లు బావా. ఇది చదువు," అన్నాడు సుహాస్ పిండి చేతులతో.

"ఏదైనా గానీ, కోర్టులో కూర్చుని చేసే పని కాదు బామ్మర్దీ."

"మీరు ఊరుకోండి," అని ఆయన్ని కసిరి, వాడితో అన్నాను: "ఒరే, అన్నిటికంటే ముఖ్యమైంది విను. 'ఇదేంటి, చెప్పు' అని అడగకు. పరీక్ష పెట్టకు. పిల్ల పక్కకి చూసిందా, ఆట అయిపోయిందన్నమాట. వెంటనే తీసి సంచిలో పెట్టెయ్యాలి."

"ఓకే," అన్నాడు. ఫోన్‌లో నోట్ చేసుకుంటున్నాడు కూడా. కానీ వాడు తల ఎత్తకుండా అన్న "ఓకే" అది. ఆఫీసు మీటింగుల్లో చెప్పే రకం.

*

ఏప్రిల్‌లో మొదటి శనివారం నేనూ వెంట వెళ్లాను. మేనత్తగా నాకు అనుమతి ఉంది.

గేటు దగ్గర గార్డు మా సంచి విప్పి, రవ్వ పొట్లం బయటికి తీశాడు.

"యే క్యా హై మేడమ్?"

"సూజీ, భయ్యా."

"కోర్ట్ మే హల్వా బనేగా క్యా?" అని పక్కవాడికి కన్నుకొట్టాడు. సుహాస్ మొహం ఎర్రబడింది. నేను నవ్వేశాను.

పిల్లల గది నేను అనుకున్నంత ఘోరంగా లేదు. ప్లాస్టిక్ జారుడుబల్ల ఉంది. గోడ మీద రంగు వెలిసిన జిరాఫీ ఉంది. ఘోరమంతా మనుషుల్లో ఉంది. ఓ మూల ఒక తండ్రి కొడుక్కి ఫోన్ ఇచ్చి, వాడు ఆడుకుంటుంటే వాడి తల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఇంకొకాయన పెద్ద బొమ్మ తెచ్చాడు, దాన్ని పెట్టెలోంచి తియ్యడం రావడంలేదు.

శివాని పాపను తీసుకొచ్చింది. మైథిలి తల్లి చున్నీ పట్టుకుని వదల్లేదు. సుహాస్‌ని చూసింది, నన్ను చూసింది, మళ్లీ చున్నీలో మొహం దాచుకుంది. అంతకుముందు చాలా శనివారాలు ఇలాగే, చున్నీ విడిపించడంతోనే గడిచిపోయేవని సుహాస్ చెప్పాడు.

వాడు పిలవలేదు. చాప మీద కూర్చుని పళ్లెంలో రవ్వ పోశాడు. వేలితో గీయడం మొదలుపెట్టాడు.

"ఇదిగో పిలక. ఇదిగో పొట్ట..."

చున్నీలోంచి ఒక కన్ను బయటికి వచ్చింది.

"...ఇదిగో తోక!"

"తోక క్యా?" అంది మైథిలి.

"పూంఛ్. బిల్లీ కీ పూంఛ్."

పిల్ల వచ్చి కూర్చుంది. వాడు రవ్వ మీద చెయ్యి తిప్పాడు, పిల్లి మాయం. మైథిలి కిలకిలా నవ్వింది. "ఫిర్ సే!" మళ్లీ గీశాడు. మళ్లీ మాయం. ఈసారి తనే వేలు పెట్టింది. పొట్ట వంకరగా వచ్చింది, తోక పళ్లెం దాటి చాప మీదికి పోయింది. "తోక! తోక!" అని అరిచింది. ఆ గదిలో ఆ పిల్ల నోట వచ్చిన మొదటి తెలుగు మాట అది. సుహాస్ అటు తిరిగి గోడమీది జిరాఫీని చూశాడు చాలాసేపు.

బయట వరండాలో శివాని నాకు ఎదురుపడింది. మా ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కలు నాతో మాత్రమే వాడుతుంది.

"దీదీ, లోపల నవ్వుతోంది కదా? వినిపించింది నాకు."

"నవ్వుతోందమ్మా."

"అచ్ఛా హై, మంచిదే," అంది. నిజంగానే అంది. ఆమె మీద నాకు కోపం తెచ్చుకోవడం ఎప్పుడూ కష్టమే.

తర్వాతి శనివారానికి మైథిలి చున్నీ వదిలి పరుగెత్తుకుంటూ వచ్చింది. సుహాస్ సంచిలోకి తొంగిచూసి, "ఆజ్ క్యా హై?" అంది. ఆరోజు పిండి. అది అయ్యాక కారు, రోడ్డు. మధ్యలో ఒకసారి, స్కూల్లో నేర్పిన హిందీ 'మ' ఇలా ఉండదని, నడుం మీద చేతులు పెట్టుకుని వాదించింది.

"యే 'మ' నహీఁ హై. మ్యామ్ నే దూస్రా సిఖాయా."

"అది మ్యామ్ వాలా 'మ'. ఇది పాపా వాలా 'మ'," అన్నాడు సుహాస్.

కాసేపు ఆలోచించి, "ఠీక్ హై," అంది, మొగుడితో రాజీపడ్డ పెద్దావిడలా. నేనూ, కౌన్సెలర్ మేడమూ పగలబడి నవ్వాం.

ఆరోజు ఇంటికి వచ్చాక సుహాస్ మా ఆయన భుజం తట్టి, "బావా, జూన్‌లో ఎక్కడికీ కదలకు. ఇంట్లో పిల్లి తిరగబోతోంది," అన్నాడు.

*

మే నెల వచ్చింది. లూ అనే వడగాలి మొదలైంది. మెట్రో స్టేషను నుంచి కోర్టుకు నడిచేసరికి మొహం పొయ్యి ముందు పెట్టినట్టు ఉండేది.

సుహాస్‌లో ఏదో మారింది. మార్పు అంటే వాడికి ధైర్యం వచ్చింది. ధైర్యంతోపాటు తొందర వచ్చింది.

ఆ నెల మొదటి శనివారం మైథిలి వస్తూనే, "పాపా, స్లైడ్!" అంది.

"వెళ్దాం వెళ్దాం. ముందు ఒక్కసారి పిల్లిని చెయ్యి."

చేసింది. పరుగెత్తింది. జారుడుబల్ల ఎక్కి కూర్చుంది. కిందికి చూసింది. అప్పటికే సుహాస్ సుద్దముక్కతో జారుడుబల్ల పొడుగునా పెద్ద 'మ' గీసేశాడు.

"తోక మీంచి జారు తల్లీ! ఏ అక్షరం మీంచి జారుతున్నావ్? చెప్పు, చెప్పు!"

మైథిలి పైనే కూర్చుంది. కాళ్లు ఊపుతోంది. "మ," అంది కాసేపటికి, మెల్లగా. అప్పుడు జారింది. జారినప్పుడు నవ్వలేదు. సుహాస్ చప్పట్లు కొట్టాడు.

తిరిగి వస్తుంటే మెట్రోలో నిలబడే చోటు కూడా లేదు. ఇద్దరం ఒకే స్తంభం పట్టుకున్నాం.

"ఒరే, వచ్చేసారి ఏమీ తీసుకెళ్లకు. ఖాళీ చేతులతో వెళ్లు."

"ఎందుకు?"

"స్లైడ్ అడిగింది, స్లైడ్ ఎక్కనీ. ఊరికే. నువ్వు కింద నిలబడి పట్టుకో. చాలు."

"అక్కా, వచ్చింది కదా! చూశావుగా, తప్పు లేకుండా రాస్తోంది. జడ్జిగారు పిలిచేది ఇంక ఒక్క శనివారం తర్వాతే. ఇప్పుడు వదిలేస్తే మర్చిపోదూ?"

"మర్చిపోతే పోనీరా."

స్టేషన్లు దాటుతున్నాయి. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. యమున మీదికి రైలు వచ్చాక, కిటికీ వైపు చూస్తూ అన్నాడు:

"ఆ సంచి లేకపోతే దాంతో ఏం మాట్లాడాలో నాకు తెలీదక్కా. అదేమో హిందీలో గలగలా ఏదో చెబుతుంది. స్కూలు, వాళ్ల అమ్మమ్మ, పక్కింటి కుక్కపిల్ల. నేను చూడనివే అన్నీ. నాకు సగం అర్థంకాదు. అక్షరం ఉంటే అదీ నేనూ ఒకే పని చేస్తున్నట్టు ఉంటుంది."

నా దగ్గర పాతిక ఆటలున్నాయి. ఈ మాటకు ఏ ఆటా లేదు. నేను స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాను.

తర్వాతి శనివారం కూడా వాడు సంచి తీసుకునే వెళ్లాడు.

*

జడ్జిగారు పిలిచిన రోజు సుహాస్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సదాశివరావు గారు నల్లకోటులో చెమటలు కక్కుతూ, "పాపకి ఏమీ చెప్పకు, ఏమీ అడగకు, అటువైపు చూడకు కూడా," అని మరీ మరీ చెప్పారు.

మైథిలి కౌన్సెలర్ చెయ్యి పట్టుకుని జడ్జిగారి గదిలోకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ తల్లికి చెయ్యి ఊపింది, తర్వాత తండ్రికీ ఊపింది. సుహాస్ సదాశివరావు గారి వైపు గర్వంగా చూశాడు.

తలుపు మూసుకుంది. శివాని బెంచీకి ఆ చివర, మేం ఈ చివర. పైన ఫ్యాను వేడిగాలిని అటుదిటూ ఇటుదటూ తోస్తోంది.

తలుపు తెరుచుకుంది. కౌన్సెలర్ పాపను పిల్లల గదికి తీసుకెళ్లిపోయింది. మమ్మల్ని లోపలికి పిలిచారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

జడ్జిగారు యాభై దాటిన ఆవిడ. మెత్తటి గొంతు. ముందుగా ఒక కాగితం తిప్పి సుహాస్ వైపు జరిపారు.

మ.

పెద్దది. పిలక, పొట్ట, తోక. ఎక్కడా గీత తడబడలేదు. నా క్లాసులో ఏడాది చదివిన పిల్లలు కూడా అంత చక్కగా రాయలేరు. సుహాస్ మొహం వెలిగిపోయింది. శివాని వైపు చూశాడు, అవతలి లాయరు వైపు చూశాడు.

"మీ అక్షరమేనా?" అని హిందీలో అడిగారు జడ్జిగారు.

"అవును మేడమ్. తెలుగు."

"రాయమని నేను అడగలేదండీ. పాప వచ్చి కుర్చీలో కూర్చుంది. పాపా గురించి మాట్లాడుకుందామా అన్నాను. అనగానే నా పెన్ను తీసుకుని తనంతట తనే రాసింది. రాసి నాకు చూపించి ఏమందో తెలుసా? 'హో గయా. అబ్ ఖేల్‌నే జాఊఁ?' అంది."

అయిపోయింది, ఇక ఆడుకోవడానికి వెళ్లనా?

సుహాస్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మాట చెవికి చేరింది, మొహానికి చేరలేదు.

"పాపాతో ఏం ఆటలు ఆడతావని అడిగాను. పాపాతో ఆడుకోను, పాపా దగ్గర క్లాసు ఉంటుంది, ఆట ఇంటికెళ్లాక అని చెప్పింది. భయంతో చెప్పలేదు. ఫిర్యాదులా కూడా చెప్పలేదు. మంగళవారం డ్రాయింగ్ క్లాసు ఉంటుంది అన్నట్టు చెప్పింది." జడ్జిగారు కాగితాన్ని తన వైపు తీసుకున్నారు. "మీరు చెడ్డ తండ్రి కాదు. కానీ పదిహేను రోజులు తల్లిని విడిచి ఉండాలంటే, వెళ్లేచోటు పిల్లకి ఇల్లులా అనిపించాలి. ఇప్పటికి శనివారాలే కొనసాగనివ్వండి. మళ్లీ చూద్దాం."

అవతలి లాయరు లేచి నిలబడవలసిన అవసరమే రాలేదు. శివాని తల వంచుకునే ఉంది. గెలిచినవాళ్లు అలా ఉండరు.

వరండాలో సుహాస్ సదాశివరావు గారి మోచెయ్యి పట్టుకున్నాడు.

"సార్, తప్పు లేకుండా రాసింది కదా? అవతలాయన రాదన్నాడు. వచ్చింది కదా?"

"వచ్చింది బాబూ," అన్నారాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "వచ్చింది కాబట్టే వచ్చింది చిక్కు."

*

జూన్ ఎలా గడిచిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాప కోసమని వాడు తన గది కిటికీకి కొత్త కర్టెన్లు వేయించాడు ముందే. ఏనుగుల బొమ్మలవి. వాటిని తీసెయ్యమని నేను అనలేదు, వాడూ తియ్యలేదు. ఆఫీసుకు వెళ్లాడు, వచ్చాడు. మా ఆయన జోకులు మానేశారు. ఒకరోజు పొద్దున ఉప్మా పెడితే సుహాస్ ప్లేటు ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, లేచి వెళ్లిపోయాడు. తర్వాత కొన్నాళ్లు నేను ఇంట్లో ఆ రవ్వ ముట్టుకోలేదు.

శివాని ఒకసారి నాకు ఫోన్ చేసింది. "దీదీ, సుహాస్‌ని తిట్టకండి. నేను జడ్జిగారికి ఏమీ చెప్పలేదు. ఒట్టు."

"తెలుసమ్మా," అన్నాను.

"మైథూ కూడా చెడుగా ఏమీ చెప్పలేదు."

"అదీ తెలుసు."

ఎవరూ ఏ చెడూ చెయ్యకుండానే ఒక ఇల్లు ఖాళీ అయిపోవచ్చని ఆ వేసవిలో తెలిసింది మాకు.

జూలైలో కోర్టూ, పిల్లల గదీ తెరిచారు. మొదటి శనివారం వాన. రోడ్లన్నీ మోకాటిలోతు నీళ్లు. ఈసారి సుహాస్ చేతిలో సంచి లేదు. నేను చెప్పలేదు, వాడే వదిలేసి వచ్చాడు. దారిపొడుగునా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏం మాట్లాడాలక్కా?" అన్నాడు మెట్లెక్కుతూ.

"అదే మాట్లాడుతుందిలే. నువ్వు విను."

"అర్థంకాకపోతే?"

"తల ఊపు."

మైథిలి పసుపుపచ్చ రెయిన్‌కోటులో వచ్చింది. కాస్త పొడుగైంది. నోట్లో చాక్లెట్ ముక్క ఉందేమో, నాలుకతో తోస్తోంది. తల్లి చెయ్యి వదిలింది. ఏడవలేదు, మొరాయించలేదు. నేరుగా నడిచివచ్చి తండ్రి ఎదుట నిలబడింది. వాడి కుడిచెయ్యి చూసింది. ఎడమచెయ్యి చూసింది. వీపు వెనక్కి తొంగిచూసింది.

"ఈరోజు ఏమీ లేదు తల్లీ," అన్నాడు సుహాస్, వచ్చీరాని హిందీలో. "నీకేం కావాలంటే అది. ఏం చేద్దాం చెప్పు."

మైథిలికి అది అర్థమైనట్టు లేదు. రెయిన్‌కోటు విప్పి మడతపెట్టి పక్కన పెట్టుకుంది. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వీపు నిటారుగా పెట్టింది. తర్వాత కుడిచేతి చూపుడువేలు తీసి పెదాల మీద నిలువుగా ఆనించుకుంది. స్కూళ్లలో టీచరు వచ్చేముందు పిల్లలందరూ పెట్టుకుంటారే, అలా. నా క్లాసులో రోజూ పాతికమందిని అలా కూర్చోబెడతాను నేను.

సుహాస్ ఎదురుగా కూర్చున్నాడు. "మాట్లాడమ్మా," అన్నాడు. పిల్ల వేలు తియ్యలేదు. వాడు ఆ వేలిని పట్టుకుని మెల్లగా దించాడు. దించినంతసేపు దించింది, వదలగానే మళ్లీ పెట్టుకుంది. వాడి మొహంలోకి ఓపిగ్గా చూస్తోంది, మొదలుపెడతాడని.

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. బయట వాన రేకుల మీద దబదబా పడుతోంది. పక్క చాప మీద ఎవరి పిల్లాడో కారు తోస్తూ కేకలు పెడుతున్నాడు. మైథిలి కళ్లు ఒకసారి అటు వెళ్లి, తప్పు చేసినట్టు గబుక్కున ఇటు వచ్చేశాయి.

కౌన్సెలర్ మేడమ్ వచ్చి గడియారం చూపించింది.

మైథిలి పెదాల మీంచి వేలు తీసింది. బడి వదిలేశారా అన్నట్టు తండ్రిని అడిగింది:

"ఛుట్టీ?"

సుహాస్ తల ఊపాడు.

"ఛుట్టీ, తల్లీ."

పిల్ల రెయిన్‌కోటు కూడా తీసుకోకుండా గుమ్మం వైపు పరుగెత్తింది.